మూడో పిలుపు

చవితి

ఈ రోజు పని మొదలైంది. నాకిచ్చిన తెర పలక మూసేముందు తెల్లటి గడి ఒకటి వచ్చి, ఇవాళ ఏం చేశారో రాయండి అంటుంది. రెండు ముక్కలు రాసినా చాలని హిమజమ్మ చెప్పింది. ఆమె హెచ్చరికల కేంద్రం నుంచి పడవలో వచ్చిన ఇంజనీరు, చిన్నపిల్ల. నాకు అయిదో తరగతి దాకానే చదువు. రాయడం వచ్చును గానీ చెయ్యి మెల్లగా ఆడుతుంది.

నా పని నా కూతురు నూకరత్నం గొంతు వినడం. వింటూ ఎక్కడ ఏం వినబడిందో చీటీలు తగిలించడం. పలక మీద గొంతు గీతలా పాకుతుంది. మాట్లాడిన చోట గీత ఉబ్బుతుంది, ఊరుకున్న చోట దారమంత అవుతుంది. ఒక ముక్కని వేలితో పట్టుకుని, కింద ఉన్న చీటీల్లోంచి ఒకటి లాగి దానికి తగిలించాలి. పిలుపైతే 'మాట'. గాలి, కాకి, తలుపు చప్పుడు, పక్కవాళ్ళ కబుర్లు, ఇవన్నీ 'రొద'. పక్కన ఖాళీలో నాకు తెలిసింది రాయాలి. ఎవరిని పిలుస్తోంది, ఎందుకు నవ్వింది, అలాంటివి.

సముద్రం లోపలికి వచ్చేశాక మా వాళ్ళంతా కట్ట మీద మంచె ఇళ్ళు వేసుకున్నారు. నూకరత్నం మా కట్టకి పిలుపుమనిషి. నీరు పెరిగే పూట హెచ్చరిక గోపురం ఎక్కి, మైకులో ఇంటింటినీ పేరు పెట్టి పిలిచేది. దాని పిలుపు విని అందరూ మూటలు పట్టుకుని మెరకదిబ్బ ఎక్కేవారు. అది పిలిచినదంతా కేంద్రంలో రికార్డయింది. నిరుడు తుఫాను నీటిలో అది పోయింది. ఇప్పుడు ఆ రికార్డులు తిని, దాని గొంతు నేర్చుకుని, యంత్రమే మమ్మల్ని పిలుస్తుందట. అంతకుముందు కేంద్రం వాళ్ళు పట్నం గొంతు ఒకటి పెట్టారు. అది మా ఇంటిపేర్లు పలికితే కట్టంతా పడీపడీ నవ్వింది గానీ ఒక్కరూ కదల్లేదు.

"మా దగ్గర వేరేవాళ్ళ చేత చేయించేదాన్నే అమ్మా. మీ యాస వాళ్ళకి అందడం లేదు" అంది హిమజమ్మ.

"నా పిల్ల గొంతు పరాయి సెవుల్లో ఎందుకెయ్యాల? నానే సేస్తాను" అన్నాను.

మొదటి రికార్డులో అది ఏదో నములుతోంది. వేరుశనక్కాయలు. తొక్కలు మైకు పక్కనే ఒలిచింది. ఆ చిటచిటలకి రొద చీటీ తగిలించాను.

షష్ఠి

ఈ రోజు రికార్డులో నేను కూడా ఉన్నాను. గోపురం కింద నిలబడి "కూడు సల్లారిపోతంది, దిగే" అని అరుస్తున్నాను. పైనుంచి అది "ఒస్తన్నానమ్మా, ఉండు" అంది. పిలుపుకి సంబంధం లేనిదంతా రొదే అని చెప్పారు కదా. రెండింటికీ రొద చీటీ వేశాను.

పని అయ్యాక మళ్ళీ ఒకసారి వినాలనిపించింది. వెతికాను. లేదు. హిమజమ్మని అడిగాను.

రొద అన్నది పొద్దుగూకేలోగా చెరిగిపోతుందట. మాట అన్నది యంత్రం మింగుతుంది, మింగాక దాన్నీ చెరిపేస్తారు. ఎండతో నడిచే యంత్రం కదా, అన్నీ దాచడానికి అందులో చోటు లేదట.

"మరి నాకేటి మిగుల్తాది?" అన్నాను.

ఆ పిల్ల పలక వైపు చూస్తూ చెప్పింది. "ఇంటివాటా అని ఒక చీటీ ఉందమ్మా. పోయినవాళ్ళ గొంతు తీసుకున్నప్పుడు ఇంట్లోవాళ్ళు కొంత ఉంచుకోవచ్చు. అది యంత్రానికి వెళ్ళదు, మేమూ వినకూడదు. మొదటిరోజే చెప్పాల్సింది. మర్చిపోయాను."

"మొన్న సెప్పుంటే..." అని ఆగిపోయాను. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. ఇంకేమంటాను.

అమ్మా అన్న ముక్క ఇంకెక్కడైనా ఉంటుందేమోనని చీకటి పడేదాకా గీతలన్నీ తోడాను. గోపురం మీద ఉన్నప్పుడు దానికి నాతో పనేముంది? ఊరందరి పేర్లూ ఉన్నాయి. నేను ఆ ఒక్కచోటే ఉన్నాను.

అష్టమి

అది ప్రతి ఇంటినీ మూడుసార్లు పిలిచేది. ఆ సంగతి హిమజమ్మకి తెలియదు, ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. మా వాళ్ళకి అలవాటు అది. పొద్దుగూకాక ఎవరైనా బయటినుంచి పేరు పెట్టి పిలిస్తే వెంటనే పలకరు. సముద్రంలో పోయినవాళ్ళు ఇంటిమీద బెంగతో వచ్చి పిలుస్తారని, అయితే రెండుసార్లకి మించి పిలవలేరని పెద్దలు చెప్పారు. పలికితే తీసుకుపోతారు. మూడోసారి కూడా పిలిచారంటే బతికున్న మనిషే. అప్పుడు తలుపు తీయాలి.

నూకరత్నం మొదటి పిలుపు బళ్ళో పాఠం అప్పజెప్పినట్టు ఉంటుంది. "వాడపేట దాలయ్య మావా, నీరొస్తంది, లెగండి." రెండోది కొంచెం సాగదీసి, పాటలా ఉంటుంది. మూడోదానికి అసలు రంగు బయటపడుతుంది. "ఓ దాలయ్య మావా! నీకే సెప్తన్నాను, లెగుతావా, నన్నొచ్చి దుప్పటి లాగీమంటావా!"

మూడోదే నా కూతురు. నీళ్ళబిందె అడ్డంగా పెట్టానని నామీద అరిచే గొంతు అదే. అరుస్తూనే నవ్వు ఆపుకుంటుంది. మొదటి రెండూ ఊరివి.

మొదటి రెండిటికీ మాట చీటీ వేసి యంత్రానికి ఇచ్చాను. మూడోవన్నీ ఇంటివాటాలోకి లాగాను. అన్ని ఇళ్ళవీ.

ఏకాదశి

పొద్దున్నే గుమ్మంలో ఆకులో చుట్టిన చేపలున్నాయి. దాలయ్యన్న పెట్టి వెళ్ళాడు. నిరుటి నుంచీ పెడుతున్నాడు. ఒక్కనాడూ నా మొహం చూసి మాట్లాడలేదు. నేనూ పలకరించలేదు. చేపలు మాత్రం వండుకుంటాను.

తుఫాను రోజు రెండు పిలుపులు అయ్యాక మైకు తీగ తెగింది. దగ్గర ఇళ్ళవాళ్ళు దాని అరుపు విని లేచారు. కట్ట చివర ఇంటికి వినబడదు. అది గోపురం దిగి అక్కడిదాకా నడిచి, దాలయ్యన్న గుమ్మంలో నిలబడి మూడోసారి పిలిచింది. అతను లేచి ఇంటిల్లిపాదితో దిబ్బ ఎక్కాడు. నూకరత్నం వాళ్ళ వెనకే వస్తోంది. కట్ట తెగింది.

ఇవాళ వినాల్సినవి అన్నీ విన్నాను. ఆ రోజు రికార్డులో తీగ తెగిన చోట గీత దారమంత అయిపోయి, అలాగే పలక చివరిదాకా పోయింది. దానికి ఏ చీటీ వేయాలో తెలియలేదు. వేయకుండా వదిలేశాను.

పున్నమి

ఇవాళ యంత్రం మొదటిసారి పిలిచింది. పోటు నీరు కట్ట అంచు దాకా వస్తుందని కబురు. హిమజమ్మ గోపురం దగ్గర నిలబడింది. నేను మెట్ల మీద కూర్చున్నాను.

"వాడపేట దాలయ్య మావా, నీరొస్తంది, లెగండి."

పలకలో విన్నదానికీ గాల్లో విన్నదానికీ ఎంత తేడా! సంజెవేళ, ఉప్పుగాలిలో, కట్ట పొడవునా అది పేరు పేరునా పిలుచుకుంటూ పోతోంది. తలెత్తి చూశాను కూడా. గోపురం మీద ఎవరూ లేరు.

ప్రతి ఇంటినీ రెండుసార్లు పిలిచింది. ఆగిపోయింది.

ఒక్కరూ తలుపు తీయలేదు. తీసి ఉన్న తలుపులు కూడా వేసుకున్నారు. లోపల దీపాలు ఆర్పేశారు. హిమజమ్మ "ఏంటమ్మా, వినబడలేదా వీళ్ళకి?" అంటూ అటూ ఇటూ పరుగెత్తింది. నీరు వచ్చింది. చిన్న నీరే. బండెమ్మ వదిన మేకలు కొట్టుకుపోయాయి. దాలయ్యన్న మంచె కాలు విరిగి, ఆయన దూలం కింద పడ్డాడు. తాడు వేసి లాగారు.

పాడ్యమి

బండెమ్మ వదిన పొద్దున్నే నా ఇంటిమీదకి వచ్చింది.

"ఒలే గురప్పా, నీ కూతురు నిన్న మాయింటికి ఒచ్చింది."

"అది యంత్రం వదినా. ముందే సెప్పినాం కదా అందరికీ."

"యంత్రమైతే యంత్రంలాగ పిలవాల. సచ్చిపోయిన పిల్ల గొంతుతో రెండేసిసార్లు పిలిచి మానేస్తే, పలికీడానికి నాకేటి మతిపోనాదా? మా కోడలు రేతిరంతా నా కొంగు వదల్నేదు. నా మేకలు నాలుగూ పోనాయి. అయినా దానికి మొదట్నించీ నా మేకలంటే కడుపుమంటే."

చివరిమాటకి నాకు నవ్వొచ్చింది. ఆమెకీ వచ్చింది. ఇద్దరం కాసేపు నవ్వి, తర్వాత ఏడ్చాం. వెళ్తూ వెళ్తూ అంది.

"దాన్ని ఊరుకోమని సెప్పే. బతికున్నప్పుడు బంగారంలాటి పిల్ల. ఇప్పుడు గుమ్మాలెంట తిప్పకండి."

నేను చేసిన పని అప్పటికి నాకు పూర్తిగా తెలిసింది. మూడో పిలుపు నా పలకలో ఉంది. బయట అది రెండుసార్లు పిలిచే మనిషైంది.

హిమజమ్మకి చెప్పలేదు.

పంచమి

ఎవరో ఆమెకి మూడు పిలుపుల సంగతి చెప్పారు. ఆమె తేలిగ్గా ఊపిరి తీసుకుని, అంతే కదా అని, రెండో పిలుపునే మూడోసారి కూడా పెట్టింది. సంజెవేళ పరీక్ష చేశారు. నీరేమీ లేదు, ఊరికే పరీక్ష.

ఎవరూ రాలేదు. బండెమ్మ వదిన మాత్రం మర్నాటిదాకా ఆగకుండా తలుపు సందులోంచి కేకేసింది.

"ఇది మూడోది కాదు! రెండోదే మల్లీ అంది! బతికున్న మనిసి మూడోసారి పిలిస్తే కోపమొస్తాది. దీనికి రానేదు!"

హిమజమ్మ నా పక్కన కూలబడింది. "యంత్రానికి కోపం ఎలా పలకాలో తెలీదమ్మా. విన్నదే కదా పలుకుతుంది. అంత రికార్డు ఇచ్చాం, కసిరిన పిలుపు ఒక్కటీ లేదు. ఆమె ఎప్పుడూ కసురుకునేది కాదా?"

"మెత్తని పిల్ల" అన్నాను.

నూకరత్నం విని ఉంటే కడుపుబ్బ నవ్వి ఉండేది.

ఇంకో గొంతు తయారుచేయాలంటే ఇంటింటి పేరూ పలికించి, చీటీలు వేసి, యంత్రానికి తినిపించి... వానలు వెళ్ళిపోయేదాకా అవదట. రోజూ సాయంత్రం నేను ఇంటివాటా తెరిచి ఒక్కో ఇంటి పిలుపూ వింటున్నాను. "లెగుతావా లేదా." నన్ను కాదు అంటున్నది. అయినా వింటున్నాను.

దశమి

వాయుగుండం కబురు వచ్చింది. అమావాస్య పోటూ అదీ ఒకేసారి వస్తాయట. నిరుటంత నీరు.

పెద్దలు గోపురం కింద కూర్చున్నారు. యంత్రాన్ని నమ్మేది లేదన్నారు. మనిషే గుమ్మం గుమ్మానికీ నడిచి పిలవాలన్నారు. బండెమ్మ వదిన కోడలు చిట్టెమ్మ పేరు చెప్పారు. గొంతు ఉంది, కాళ్ళలో బలం ఉంది అని. ఆ పిల్ల సరేనంది. బండెమ్మ వదిన నోరు తెరవలేదు. జీవితంలో మొదటిసారి ఆమె నోరు తెరవకపోవడం చూశాను.

దాలయ్యన్న కర్ర పట్టుకుని లేచాడు.

"ఆ గుంటని పంపకండి. నాను ఒక్క పిలుపుకే లెగుతాను."

"నువ్వు లెగుతావు బావా, కట్టంతా లెగాల కదా" అన్నారెవరో. నవ్వారు.

ఆయన నవ్వలేదు. కుంటుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. ఏడాది తర్వాత నాతో మాట్లాడాడు.

"సెల్లీ. ఆ పొద్దు నాకు మొదటి పిలుపుకే మెలకువొచ్చింది. మూట కూడా కట్టీసినాను. తలుపు దగ్గిర కూకుని మూడోదాని కోసరం సూసినాను. రెండోదయినాక మైకు ఆగిపోనాది. ఆగిపోతే మరీ బయమేసింది. అప్పుడది ఒచ్చి తలుపు తట్టింది."

ఆయన్ని కొట్టాలనిపించింది. ఆ తర్వాత, ఆయన చోట ఉంటే నేను మాత్రం తలుపు తీసేదాన్నా అనిపించింది. తీసేదాన్ని కాదు. నా తల్లి నాకు అదే నేర్పింది. నేను నూకరత్నానికి అదే నేర్పాను. అందుకే అది మూడోసారి పిలవడానికి నడిచి వెళ్ళింది.

చిట్టెమ్మ గోపురం మెట్ల మీద కూర్చుని జడ వేసుకుంటోంది. గాలికి ఊడకుండా బిగించి వేసుకుంటోంది.

ద్వాదశి

ఇంటివాటా తెరిచాను. కట్ట ఈ చివర ఇంటి నుంచి మొదలుపెట్టాను. ఒక్కో పిలుపూ విన్నాను. విన్నాక ఇంటివాటా చీటీ తీసి మాట చీటీ వేశాను. పక్కన ఖాళీలో రాశాను.

ఇది ఉత్తుత్తి కోపం.

ఇక్కడ గొంతు జీరబోయింది, జలుబు. కోపం కాదు.

ఇక్కడ నిజంగానే విసిగింది. ఈ ఇంటివాళ్ళు ఎప్పుడూ ఆలస్యం.

ఇక్కడ నవ్వు ఆపుకుంటోంది. చివర ఊపిరి వినండి.

ఇది బండెమ్మ. 'అత్తా, నీ మేకల్ని లేపీసినాను, ఇంక నువ్వే మిగిలావు' అంటోంది. మేకల మాట తీసేయండి, ఇప్పుడు లేవు.

హిమజమ్మ వెనక నుంచి వచ్చి నిలబడింది. ఎంతసేపు నిలబడిందో.

"ఇవి ఎక్కడివమ్మా?"

"నా దగ్గిరే ఉన్నాయి."

ఆమె కోప్పడుతుందనుకున్నాను. నా పక్కన కూర్చుని, ఒక్కొక్క గీతా యంత్రం వైపు వెళ్ళిపోవడం చూసింది. చివరికి వచ్చేసరికి నా చెయ్యి పట్టుకుంది.

"ఒక్కటైనా ఉంచుకోండి. యంత్రం మిగతావాటితో సరిపెట్టుకుంటుంది."

"ఏది ఉంచమంటావు? ఏ ఇంటిది ఉంచుకుంటే ఆ ఇంటోళ్ళు లెగకపోతే?"

ఆమె నా చెయ్యి వదిలింది. మిగిలింది దాలయ్యన్నది. దాన్ని రెండుసార్లు విన్నాను. ఇచ్చేశాను.

ఇంటివాటా గడిలో ఇప్పుడు ఏమీ లేదు. తెల్లగా ఉంది.

త్రయోదశి

ఈసారి మూడో పిలుపుకీ తలుపులు తెరుచుకోకపోతేనే చిట్టెమ్మని పంపుతామని పెద్దలు ఒప్పుకున్నారు. హిమజమ్మ ఒక మాట అడిగింది. కట్ట మీద అన్ని ఇళ్ళ పేర్లూ యంత్రానికి వచ్చు. మా ఇల్లు ఒక్కటే రాదు. నూకరత్నం సొంత ఇంటిని మైకులో ఎన్నడూ పిలవలేదు. మెట్లు దిగి వచ్చి నన్ను తీసుకుపోయేది.

"మీ ఇంటిని ఏమని పిలిపించమంటారు?"

"అమ్మా అని పిలుస్తాదా?"

"పిలిపించొచ్చు." అంది. "కానీ మైకులో అమ్మా అంటే కట్ట మీద అమ్మలందరూ ఎవరికి వాళ్ళు తమనే అనుకుంటారు కదమ్మా. ఏ ఇంటిని పిలుస్తున్నామో తెలియాలంటే పేరే పిలవాలి."

నిజమే. అమ్మలు లేని ఇల్లేది.

"సూరాడ గురప్పమ్మ అని పెట్టండి" అన్నాను.

అమావాస్య మర్నాడు

దిబ్బ మీద రాస్తున్నాను. కింద ఎటు చూసినా నీళ్ళే. గోపురం తల మాత్రం కనబడుతోంది. ఇళ్ళు చాలా పోయాయి. మనుషులందరూ ఉన్నారు. చిట్టెమ్మ అందరికీ గంజి పోస్తోంది.

నిన్న సంజెవేళ గాలి మొదలవగానే పిలుపు మొదలైంది. మొదటి పిలుపు. తలుపులు మూసుకున్నాయి. రెండోది. దీపాలు ఆరిపోయాయి. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను.

"ఓ దాలయ్య మావా! నీకే సెప్తన్నాను, లెగుతావా, నన్నొచ్చి దుప్పటి లాగీమంటావా!"

దూరంగా కట్ట చివర దీపం వెలిగింది. ఇంకో ఇల్లు. ఇంకో ఇల్లు. తిట్లు తింటూ తలుపులు తెరుచుకుంటున్నాయి. ముసలివాళ్ళని భుజాల మీద వేసుకుని, కోళ్ళని సంకలో పెట్టుకుని అందరూ మా ఇంటి ముందు నుంచే దిబ్బకి నడుస్తున్నారు. బండెమ్మ వదిన కోడలి చెయ్యి పట్టుకుని వచ్చి నా ముందు ఆగింది.

"సచ్చినా దానికి నోరు తగ్గనేదే" అంది. ఆమె మొహమంతా తడిగా ఉంది, వానో ఏమో. "రా, ఎల్దాం."

"మీరు నడవండి. నా పిలుపు ఇంకా రానేదు."

"నువ్వూ మూడోదానికే లెగుతావేటి? నీరు మెట్టెక్కతంది!"

"ఒస్తాను వదినా."

ఆమె వెళ్ళలేదు. కోడల్ని పంపేసి, నా గుమ్మం పక్కన కొంగు నెత్తిన కప్పుకుని నిలబడింది.

మా ఇల్లు కొత్తగా చేర్చినది, పిలుపుల వరుసలో చివరిది. కట్టంతా ఖాళీ అయ్యాక వచ్చింది.

"సూరాడ గురప్పమ్మ గారూ, నీరొస్తంది, లెగండి."

నా కూతురు నన్ను పేరు పెట్టి ఎన్నడూ పిలవలేదు. ఎవరో పొరుగూరి మనిషిని పిలుస్తున్నట్టు ఉంది. ఆ గొంతుకి నేనెవరో తెలియదు. నీరు పాదాలకి తగిలింది. నేను కదల్లేదు.

రెండోసారి పిలిచింది, సాగదీసి, పాటలా. ఆ తర్వాత గాలి మాత్రమే వినబడింది. తీగ మళ్ళీ తెగిందేమో అనుకున్నాను. అక్కడే ఉండిపోవచ్చని, ఉండిపోతే ఇంకేమీ వినక్కర్లేదని అనిపించింది. బండెమ్మ వదిన నా వైపు చూస్తోంది గానీ పిలవడం లేదు. ఆమె కూడా వింటోంది.

"ఓ గురప్పమ్మా! నీకే సెప్తన్నాను! లెగుతావా లేదా!"

చివర ఊపిరి వినబడింది. నవ్వు ఆపుకునే ఊపిరి.

"ఆఁ, ఒస్తన్నానే" అన్నాను. మూట తీసుకుని మెట్టు దిగాను. నీళ్ళు మోకాళ్ళ దాకా ఉన్నాయి. వదిన నా చెయ్యి పట్టుకుంది.